దానియేలు చదివిన కాలేజీ

  మీరు పొయ్యి దగ్గర ఉన్నా, పొలం గట్టున ఉన్నా, మంచం మీద వ్యాధితో ఉన్నా, ఈ కొద్ది నిమిషాలు మనసు పెట్టి వినండి.

ఈమధ్య గోదావరి జిల్లా నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం నాకు అందింది. ఆ ఉత్తరం నా బైబిలులోనే పెట్టుకొని తిరుగుతున్నాను. వాళ్ళమ్మాయి బి.ఎస్సీ. రెండో సంవత్సరం, జువాలజీ చదువుతోంది. మొన్నటి వరకు సండే స్కూలులో చిన్నపిల్లలకు పాటలు నేర్పిన పిల్ల. సంక్రాంతి సెలవులకు హాస్టలు నుండి ఇంటికి వచ్చినప్పుడు కుటుంబ ప్రార్థనలో కూర్చోలేదట. ఎందుకమ్మా అంటే, "నాకు నమ్మకం లేని మాటలకు ఆమేన్ అనలేను, నన్ను బలవంతం చేయొద్దు" అన్నదట. తండ్రిగారు కోపపడి, ఈ చదువే దాన్ని పాడుచేసింది, చదువు మాన్పించి పెండ్లి చేసేద్దాం అంటున్నారట. ఆ తల్లి నన్ను ఒక్కటే అడిగింది: "అయ్యగారూ, సైన్సు చదివితే విశ్వాసం పోతుందా? మేము తప్పు చేశామా?"

అమ్మా, మీరు వింటున్నారని నా నమ్మకం. నా జవాబు చివరి వరకు దాచిపెట్టను. మీ అమ్మాయి చదువు మాన్పించకండి. తండ్రిగారితో కూడా నేను అలా అన్నానని చెప్పండి. ఎందుకో వివరిస్తాను. అయితే అందుకు ముందు నేను చేసిన ఒక తప్పు మీ అందరి యెదుట ఒప్పుకోవాలి.

నేను సేవలో కొత్తగా ఉన్న దినములు. ఒక క్రిస్మస్ సెలవులలో యవ్వనస్థుల కూడికలో ప్రసంగిస్తూ, చార్లెస్ డార్విన్ మరణ పడక మీద పశ్చాత్తాపపడి, తన సిద్ధాంతం తప్పని ఒప్పుకొని, బైబిలు చేతపట్టుకొని చనిపోయాడని చెప్పాను. చాలామంది అల్లెలూయ అన్నారు. కూడిక అయ్యాక డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, ఆ కథ నిజం కాదండి. కాలేజీ లైబ్రరీలో చదివాను" అన్నాడు, మర్యాదగానే. నలుగురు పెద్దలు చుట్టూ ఉన్నారు. నాకు సిగ్గనిపించింది. "నీ నోట సాతాను మాట్లాడుతున్నాడు, మోకరించి ప్రార్థన చేసుకో" అన్నాను. ఆ అబ్బాయి తల వంచుకొని వెళ్ళిపోయాడు. మరి మందిరానికి రాలేదు.

ఆ అబ్బాయి చెప్పిందే నిజమని తరువాత తెలుసుకున్నాను. డార్విన్ 1882లో చనిపోయాడు. ఈ పశ్చాత్తాపం కథ 1915లో, అంటే ముప్పయి మూడేళ్ళ తరువాత, లేడీ హోప్ అనే ఆవిడ చెప్పగా అమెరికాలో ఒక బాప్టిస్టు పత్రికలో అచ్చయింది. తండ్రి చివరి దినములలో ప్రక్కనే ఉన్న డార్విన్ కుమార్తె 1922లో ఇది జరగలేదని స్పష్టంగా వ్రాసింది. యెహోషువ దినమున సూర్యుడు నిలిచిపోయిన సంగతిని నాసా కంప్యూటర్లు లెక్కకట్టి కనిపెట్టాయన్న మరో కథ మీరు వినే ఉంటారు. కరపత్రాలలో ఉండేది, ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోంది. అదీ జరగలేదు. నాసావారే కాదన్నారు. యెహోషువ గ్రంథమును నమ్మడానికి మనకు నాసా సంతకం అవసరమా? యోబు తన స్నేహితులను గద్దించిన మాటలు పదమూడవ అధ్యాయములో చదవండి. దేవుని పక్షాన అబద్ధమాడటం ఆయనను ఘనపరచటం అని మీరనుకుంటున్నారా అని యోబు నిలదీస్తాడు. ఆ వచనం మీద ప్రసంగాలు చేసినవాడినే, నాకే అది తగల్లేదు.

ప్రియులారా, పిల్లలు సైన్సు పుస్తకంలో ఒక నిజం చదివినప్పుడు పడిపోరు. మందిరంలో విన్నది అబద్ధమని తెలిసినప్పుడు పడిపోతారు. ఒకటి అబద్ధమైతే మిగతావి కూడా అంతేనేమో అనుకుంటారు. అలా అనుకోవటంలో వాళ్ళ తప్పేముంది?

ఇప్పుడు వాక్యములోనికి వద్దాం. దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము తెరవండి. యూదా నుండి చెరపట్టబడిన నలుగురు యవ్వనులు, దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా. ఇంటికి దూరంగా, బబులోను రాజు హాస్టలులో ఉన్నారు. హాస్టలనే అంటాను, భోజనం రాజుదే, బస రాజుదే, మూడు సంవత్సరాల కోర్సు. సిలబసు కల్దీయుల విద్య, కల్దీయుల భాష. సండే స్కూలులో మనం ఈ అధ్యాయం చెప్పేటప్పుడు వెంటనే భోజనం దగ్గరకు పోతాం. రాజు భుజించు భోజనము వద్దని, శాకధాన్యములు, నీళ్ళు చాలన్నారని చెప్తాం. మంచిదే. కాని వాళ్ళు వేటిని కాదనలేదో కూడా చూడాలి గదా?

చదువును కాదనలేదు.

ఆ చదువేమైనా పరిశుద్ధమైనదా? కల్దీయులు మట్టిపలకల మీద గ్రహణాలు, గ్రహాల నడక వ్రాసిపెట్టేవారు, లెక్కలలో మహా దిట్టలు. గంటకు అరవై నిమిషాలు అని మనం నేటికీ లెక్కపెట్టేది ఆ బబులోనువారి అరవైల లెక్క నుండి వచ్చినదే. అదే పలకల మీద మర్దూకు దేవత లోకాన్ని ఎలా చేశాడో అనే కథలూ ఉన్నాయి, నక్షత్రాలను చూసి శకునాలు చెప్పటమూ ఉంది. నిజమూ, నిజం కానిదీ ఒకే పళ్ళెంలో కలిపి వడ్డించిన చదువు. దానియేలు అది నేర్చుకున్నాడు, ఏదో పాసు మార్కులకు కాదు. పరీక్ష పెట్టినప్పుడు రాజ్యమంతటిలో ఉన్న శకునగాండ్రకంటె పది రెట్లు శ్రేష్ఠులుగా ఆ నలుగురూ కనబడ్డారని గ్రంథం చెప్తోంది. ఆ తెలివిని వారికిచ్చినది దేవుడే అని కూడా చెప్తోంది. బబులోను యూనివర్సిటీలో ఫస్టు క్లాసు ఇప్పించినవాడు మన దేవుడు!

ఇంకొక సంగతి, ఇది సైన్సు చదివే పిల్లలకు. భోజనం విషయంలో దానియేలు అధికారితో వాదం పెట్టుకోలేదు. పది దినములు మమ్మల్ని పరీక్షించు, రాజభోజనం తినేవారి ముఖాలూ మా ముఖాలూ ప్రక్కప్రక్కన పెట్టి చూడు, చూసినదాన్ని బట్టే తీర్మానించు అన్నాడు. రెండు గుంపులు, ఒక గడువు, కంటితో చూసి పోల్చటం. దీనిని మీ ల్యాబులో ఏమంటారు?

వాళ్ళు గీత గీసుకున్నారు, నిజమే. అయితే ఆ గీత తరగతి గది గుమ్మం దగ్గర కాదు, ఆరాధన దగ్గర గీసుకున్నారు. ఎవరికి మ్రొక్కాలి, ఎవరి బల్ల యొద్ద భుజించాలి అన్న చోట. బంగారు ప్రతిమ యెదుట వంగమన్నప్పుడు వారిలో ముగ్గురు అగ్నిగుండానికైనా సిద్ధపడ్డారు. చుక్కలు లెక్కపెట్టమన్నప్పుడు మాత్రం కాదనలేదు.

సైన్సు చదువుతున్న తమ్ముడూ, చెల్లెమ్మా, మీ లెక్చరరు గారు క్లాసులో కణం గురించి, జన్యువు గురించి చెప్పేది శ్రద్ధగా నేర్చుకోండి. చివరి అయిదు నిమిషాలలో నవ్వుతూ, "కాబట్టి దేవుడు లేడు, మీ అమ్మానాన్నలు అమాయకులు" అన్నారనుకోండి, ఆ మాట ఏ ప్రయోగంలో తేలిందో ఆలోచించండి. ఏ సూక్ష్మదర్శినిలో కనబడింది? అది వారి అభిప్రాయం, వారికి ఆ హక్కుంది. కాని అది సిలబసు కాదు. ఎదురు తిరగకండి, ఆయన మీకు గురువు. నోటుబుక్కులో మాత్రం రెండింటినీ ఒకే పేజీలో వ్రాసుకోకండి.

ఇది పెద్ద చదువులు చదివిన వారికే అర్థమయ్యే సంగతి కాదు. ఇదే రేడియోలో వాతావరణ సూచన వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది, కోస్తాలో వానలు పడతాయి అంటారు. మన రైతు సహోదరుడు అది విని పరుగెత్తుకెళ్ళి కళ్ళంలో ధాన్యం మీద బరకాలు కప్పుతాడు. ఎండాకాలంలో నేల వేడెక్కి, సముద్రం మీది తడిగాలి ఎలా లోపలికి వస్తుందో వాళ్ళబ్బాయి స్కూలులో చదువుకున్నాడు. అదే రైతు కోత పండుగనాడు క్రొత్త బియ్యం బస్తా మోసుకొచ్చి, వాన ఇచ్చిన దేవునికి స్తోత్రమని మందిరంలో పెడతాడు. ఆయన ఒకనాడు మూఢుడు, ఒకనాడు జ్ఞానియా? కాదు గదా. వాన ఎలా వస్తుందో తెలిసినంత మాత్రాన వాన ఇచ్చినవాడు తప్పుకోడని ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. వాన విషయంలో మనకు లేని భయం జీవశాస్త్రం దగ్గర ఎందుకు వస్తోంది?

ఒక కారణం నాకు తోస్తున్నది. మనకు తెలియనిచోట మాత్రమే దేవుణ్ణి కూర్చోబెట్టే అలవాటు మనకున్నది. "సైన్సు దీనికి జవాబు చెప్పలేదు, కాబట్టి దేవుడున్నాడు" అని వాదిస్తాం. ఇది ప్రమాదం. సాక్షాత్తు న్యూటన్ అంతటివాడే ఈ గోతిలో కాలు పెట్టాడు. గ్రహాలు ఒకదానినొకటి లాగుకోవటం వలన వాటి దారులు మెల్లగా చెదిరిపోతాయనీ, దేవుడే అప్పుడప్పుడు సరిచేయాలనీ ఆయన తలంచాడు. నూరేళ్ళు తిరిగేసరికి లాప్లాస్ అనే ఫ్రెంచి గణితవేత్త, గురు శనిగ్రహాల దారులలోని తేడాలు కొంతకాలానికి తిరిగి వచ్చేవేనని లెక్కకట్టి చూపాడు. మరి న్యూటన్ ఆ మూలన నిలబెట్టిన దేవునికి పని లేకుండా పోయింది! అటువంటి దేవుడు మన బైబిలులో లేడు. చార్లెస్ కౌల్సన్ అని ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు, మెథడిస్టు సంఘంలో ప్రసంగాలు కూడా చేసేవాడు. మన తెలివికున్న చిల్లులలో దేవుణ్ణి వెదకటం మానుకోవాలి, తెలిసినదంతా కూడా ఆయనదే అని ఆయన గట్టిగా హెచ్చరించాడు. తెలియని వ్యాధి నయమైతే దేవుడు, మందుతో నయమైతే డాక్టరు అని సాక్ష్యాలు చెప్పే మనకు ఈ హెచ్చరిక బాగా పనికివస్తుంది.

మైకేల్ ఫారడే పేరు ఇంటర్మీడియట్ ఫిజిక్సు చదివిన ప్రతి పిల్లకూ పిల్లవానికీ తెలుసు. ఆయన నియమాలు బట్టీపట్టి ఉంటారు. ఆయన సంగతి మాత్రం పుస్తకంలో ఉండదు. ఇంగ్లాండులో ఒక కమ్మరివాని కుమారుడు, 1791లో పుట్టాడు. పద్నాలుగేళ్ళకు పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదివి సైన్సు నేర్చుకున్నాడు. 1831లో తీగచుట్టలో అయస్కాంతం కదిలితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టాడు. శ్రీశైలంలో, నాగార్జునసాగరులో నీటి వేగానికి తిరిగే జెనరేటర్లు ఆ నియమం మీదనే నడుస్తాయి. మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతోందంటే అందులో ఆయన పాలు ఉంది. ఈయన లండనులో ఒక చాలా చిన్న సంఘానికి చెందినవాడు. 1821లో అక్కడ విశ్వాసపు ఒప్పుకోలు చేశాడు, తరువాత సంఘ పెద్దగా ఉండి ప్రసంగించాడు. ప్రభుత్వం సర్ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు.

నాకు ఆయన జీవితంలో బాగా నచ్చింది 1853లో జరిగిన సంగతి. అప్పట్లో ఇంగ్లాండులో ఒక పిచ్చి పట్టుకుంది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తారు, కాసేపటికి బల్ల దానంతటదే తిరుగుతుంది. ఆత్మలు తిప్పుతున్నాయని కొందరు, దయ్యాలని కొందరు. ఫారడే విశ్వాసి గదా, ఏమంటాడని జనం చూశారు. ఆయన చేతులకూ బల్లకూ మధ్య అట్టముక్కలు పొరలుగా పెట్టి, ఏది ముందు కదులుతుందో చూశాడు. చేతులే ముందు కదులుతున్నాయి. తోస్తున్నామని వాళ్ళకే తెలియదు. కదలిక కనబడేలా ఒక ముల్లు అమర్చి వాళ్ళ యెదుటనే పెడితే, బల్ల తిరగటం ఆగిపోయింది! ఆయన దానిని పత్రికలో ప్రకటించాడు. చూశారా, దేవుణ్ణి నమ్మినవాడు కాబట్టి ప్రతి వింతనూ నమ్మలేదు. స్వస్థత సభలలో లేచి నడిచారని మనం చెప్పుకొనే కొన్నిటికి ఫారడే అట్టముక్క పెడితే ఏమవుతుందో! ఇది ఇంతటితో విడిచిపెడతాను, నాకు ఉత్తరాలు ఎక్కువై పోతాయి.

రేడియోకు సంబంధించిన ఒక సంగతి కూడా చెప్పాలి. విశ్వం ఒక మహా విస్ఫోటంతో మొదలైందనే బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం పేరు వినగానే మన పెద్దలు కొందరు, ఇది దేవుణ్ణి తీసివేయటానికి పుట్టింది అంటారు. ఆ ఆలోచన తెచ్చినవాడు జార్జ్ లెమైత్ర్ అనే బెల్జియం దేశపు కేథలిక్ గురువు. విశ్వం విస్తరిస్తోందని 1927లో, అదంతా ఒక ఆది అణువు నుండి వచ్చిందని 1931లో వ్రాశాడు. ఐన్‌స్టీన్ కూడా మొదట ఒప్పుకోలేదు. లోకానికి ఒక ఆరంభం ఉందనటం రుచించని ఫ్రెడ్ హోయ్ల్ అనే శాస్త్రవేత్త 1949లో బి.బి.సి. రేడియో ప్రసంగంలో దానికి బిగ్ బ్యాంగ్ అని పేరు పెట్టాడు, ఆ పేరే నిలిచిపోయింది. 1951లో పోపుగారు ఈ సిద్ధాంతం సృష్టికి సాక్ష్యమన్నట్టు మాట్లాడినప్పుడు లెమైత్ర్ సంతోషించలేదు, బాధపడ్డాడు. నా లెక్క రేపు తప్పని తేలితే ఆదికాండము తప్పవుతుందా, ఇది వేరు అది వేరు అన్నది ఆయన వైఖరి. ఆయన విశ్వాసం టెలిస్కోపు రిపోర్టు మీద ఆధారపడి లేదు. 1965లో ఆయన సిద్ధాంతానికి బలమైన రుజువు దొరికింది, మరుసటి సంవత్సరమే ఆయన చనిపోయాడు.

భూమి వయస్సు గురించి అడుగుతారు. శాస్త్రవేత్తల లెక్క సుమారు 450 కోట్ల సంవత్సరాలు. ఆరువేల సంవత్సరాలు అని బైబిలులో ఉంది గదా అంటారు. ఏ వచనం? సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని 1650లో అచ్చువేసినది ఐర్లాండు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్, వంశావళులు కూడి కట్టిన లెక్క అది. తరువాత ఇంగ్లీషు బైబిళ్ళ అంచులలో ఆ సంఖ్య అచ్చు వేశారు, అంచులో ఉన్నది వాక్యం లోపల ఉన్నదన్నట్టు జనం చదివారు. ఆరు దినములను గూర్చి భక్తులలో భేదాభిప్రాయాలు డార్విన్ పుట్టక ముందే, అగస్టీను కాలం నుండే ఉన్నాయి. పరిణామ సిద్ధాంతం విషయంలో కూడా అంతే. డార్విన్ దినములలోనే అమెరికాలో ఆసా గ్రే అనే వృక్షశాస్త్రజ్ఞుడు, ప్రభువును నమ్మినవాడు, దానిని అంగీకరించాడు. చార్లెస్ హాడ్జ్ అనే వేదాంత పండితుడు 1874లో దానిని నాస్తికత్వమన్నాడు. మన సంఘాలలోనూ ఇద్దరి వంటివారూ ఉన్నారు, నేనిక్కడ తీర్పరిని కాను. అయితే అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదిహేనవ అధ్యాయములో మన విశ్వాసము వ్యర్థమగుట దేని మీద ఆధారపడి ఉందని చెప్పాడు? క్రీస్తు లేచాడా లేదా అన్నదాని మీద. భూమి వయస్సు మీద కాదు. పౌలు పెట్టని షరతు మనం పిల్లలకు పెట్టకూడదు.

అమ్మా, మీ ఉత్తరానికి వస్తున్నాను. నేను చూసినంతవరకు మన పిల్లలు చాలామంది డార్విన్ వలన దూరం కాలేదు. ఆదివారం ఉదయం పరీక్షలు పెట్టే కాలేజీలలో రెండేండ్లు ఉంచాం, ర్యాంకు కోసం మనమే ఊరుకున్నాం. ఒక సహవాసం లేదు, ఒక పాట లేదు. చదువు డిగ్రీ స్థాయికి పెరిగింది, బైబిలు జ్ఞానం మాత్రం నోవహు ఓడకు రంగులు వేసిన దగ్గరే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ పిల్లకు ఎనిమిదేళ్ళ పిల్ల గౌను తొడిగితే చిరిగిపోదా? మీ అమ్మాయి నమ్మకం లేని మాటకు ఆమేన్ అనలేనన్నది. నన్నడిగితే ఆ పిల్ల అబద్ధమాడటానికి ఇష్టపడలేదు. అది మీ పెంపకమే. తోమా కూడా చూస్తే గాని నమ్మనన్నాడు. ప్రభువు అతణ్ణి వెళ్ళగొట్టలేదు, చేయి చాపమన్నాడు.

కాబట్టి ఒక పని చేయండి. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు, కాలేజీలో ఏం చదువుతున్నావో నాకు చెప్పమ్మా అని అడగండి. అరగంట వినండి. నడుమ వచనాలు చెప్పకండి, కన్నీళ్ళు పెట్టుకోకండి. తండ్రిగారు కూడా కూర్చుంటే మరీ మంచిది. ప్రార్థన వేళకు రమ్మని పిలవండి, రాకపోతే తలుపు వేయకండి. మీ ఊరి దగ్గర విశ్వాసులైన సైన్సు టీచరో, డాక్టరో, నర్సో ఉంటారు, వారింటికి ఒక పూట భోజనానికి తీసుకువెళ్ళండి. పుస్తకం చెప్పలేనిది అటువంటి ఇల్లు చెబుతుంది.

నేను గద్దించి పంపిన ఆ అబ్బాయిని పదకొండేళ్ళ తరువాత వెదుక్కుంటూ వెళ్ళాను. ఉపాధ్యాయుడయ్యాడు, ఇద్దరు బిడ్డలు. డార్విన్ కథ అబద్ధమే, నువ్వు చెప్పింది నిజం, నన్ను క్షమించు అన్నాను. టీ ఇచ్చాడు. చాలాసేపటికి, "అయ్యగారూ, మీరు పొరపాటు చెప్పారని నేను వెళ్ళిపోలేదండి. అందరూ పొరపాటు పడతారు. అడిగినందుకు నన్ను సాతానన్నారు, నాన్నగారు ప్రక్కనే ఉన్నారు, ఆయన కూడా ఏమీ అనలేదు" అన్నాడు. అతను ఇంకా మందిరానికి రాలేదు. క్రిస్మస్‌కు ఫోను చేస్తాడు. పోయినసారి, వాళ్ళ పాప సండే స్కూలుకు వెళ్తానంటోందనీ, పంపమంటారా అనీ అడిగాడు. నన్నడగటమే నాకు బరువుగా అనిపించింది. పంపమన్నాను, ఏం ప్రశ్న అడిగినా కోప్పడవద్దని ఆ సంఘ కాపరితో నేను మాట్లాడతానన్నాను.

అద్భుతములను సైన్సు చదివినవారు ఎలా నమ్మాలి అని అదే ఉత్తరంలో అడిగిన రెండో ప్రశ్నకు ఈ రోజు సమయం చాలలేదు. వచ్చే వారం, ఇదే సమయానికి, యోహాను సువార్త రెండవ అధ్యాయము తెరిచిపెట్టుకొని మీ రేడియో దగ్గర ఉండండి. పత్రికలో చదువుతున్నవారికి అది వచ్చే సంచికలో వస్తుంది. అంతవరకు దేవుని కృప మీకందరికీ తోడైయుండును గాక, ఆమేన్.